సైకిలు త్రొక్కువాని శ్రమను కొలుచు విధము

సైకిలు వేగమును జూచి త్రొక్కువాని సామర్థ్యమును నిర్ణయించువారు పలువురు గలరు. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. ఎదురుగాలిలో గంటకు 20 కిలోమీటర్లు పోవు బాలుడు, వెనుకగాలితో 30 పోవువానికంటె నెక్కువ పాటుపడుచుండవచ్చును.

ఇరుసునకు దగిలించిన చిన్న సెన్సరు చక్రపు చుట్లను లెక్కించి, తీగె లేకయే రేడియో తరంగములచే హ్యాండిలుమీది యంత్రమునకు దెలుపును. చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లైనచో నిమిషమునకు 200 చుట్లు గంటకు 25.2 కిలోమీటర్లగును. ఇది వేగము మాత్రమే.

శ్రమను దెలుపునది వేరు. పెడలును మోయు క్రాంకునకు సన్నని లోహపురేకు నంటింతురు. కాలి బలమునకు క్రాంకు రవంత వంగగా రేకు సాగును. సాగగా దాని విద్యున్నిరోధము మారును. ఆ మార్పువలన త్రిప్పుబలము తెలియును. దానిని త్రిప్పువేగముచే గుణించిన వాట్లు వచ్చును. 30 న్యూటను మీటర్లతో నిమిషమునకు 60 మారులు త్రిప్పినను, 20తో 90 మారులు త్రిప్పినను రమారమి 188 వాట్లే. విద్యార్థులు స్వయముగా గుణించి చూతురుగాక. జర్మనీలో ఉల్రిచ్ షోబెరర్ 1986లో ఇట్టి సాధనమును నిర్మించెను. వెల మిక్కిలి యెక్కువ; అది లేనివారు గడియారము చేతబట్టి త్రిప్పులనైన లెక్కింపవచ్చును.

ఇంట సైకిలును పీఠముపై బిగించి త్రొక్కునప్పుడు గాలి యడ్డుండదు. బిగింపునుబట్టి వేగము మారును. వాట్లనే నమ్మవలెను. అయితే చెమట యారక దేహము వేడెక్కుటచే, రొమ్మున గట్టిన పట్టీ అవే వాట్లకు గుండె కొట్టుకొనుట హెచ్చుగా జూపును. దీనిని బలహీనత యని తలంచి బాలురు మరింత త్రొక్కుట ప్రమాదకరము. ముందు విసనకఱ్ఱ యంత్రము నుంచవలెను. ఇంటినుండి వెలుపలికి దెచ్చినపుడు వేడిమి మారి లోహము మారును గావున, పెడలుపై కాలు మోపకమునుపే సాధనమును సున్నకు సరిచేయవలెను.