పన్ను లెక్కల పని: మొదటి క్లయింటు మీ ఇల్లే

మా తెనాలిలో పన్ను లెక్కలు చూసే ప్రతి మనిషీ ‘ఆడిటర్ గారే’. నేను ఆడిటర్‌ని కాదు. బీకాం చదివి, ఒక సీనియర్ దగ్గర చిట్టా, ఆవర్జా రాయడం నేర్చుకుని, ఆ తర్వాత గది అద్దెకు తీసుకుని సొంతంగా బోర్డు పెట్టుకున్న టాక్స్ ప్రాక్టీషనర్‌ని. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, లోపలికి అడుగు పెట్టేవాళ్లు “ఆడిటర్ గారూ, ఫారం 16 వచ్చిందండీ” అంటూనే మొదలుపెడతారు. జీతం ఇచ్చేవాళ్లు ఆ ఫారం ఇవ్వడానికి గడువు జూన్ 15. ఉద్యోగులు రిటర్ను వేయడానికి మామూలు గడువు జులై 31. మధ్యలో ఉన్న ఈ నెలన్నర మాకు కోతల కాలం. మా ఇంట్లో నాకు అన్నం ఏ వేళకు పెట్టాలో ఎవరికీ తెలియదు.

ప్రతి సీజన్‌లోనూ ఫారం 16తో పాటు డిగ్రీ అయిపోయిన పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు కొందరుంటారు. “మావాడికి ఈ పని నేర్పుతారా? అసలు దీంట్లో భవిష్యత్తు ఉందా? అన్నీ కంప్యూటరే నింపేస్తోందట కదా” అని అడుగుతారు. వాళ్లకు హడావిడిలో చెప్పలేకపోయిన జవాబు ఇది.

కంప్యూటర్ నింపాక మిగిలేది

కంప్యూటర్ నింపేస్తున్న మాట నిజమే. జీతం, బ్యాంకు వడ్డీ, కోసిన టీడీఎస్ అన్నీ పోర్టల్‌లో ముందే నిండి ఉంటాయి. 2021 నవంబరు నుంచి ఏఐఎస్ అనే వార్షిక పట్టిక కూడా వచ్చింది. మీరు ఏ బ్యాంకులో ఎంత వడ్డీ తీసుకున్నారో, ఏ షేర్లు అమ్మారో అందులో కనిపిస్తుంది. కాబట్టి అంకెలు చూసి అంకెలు కొట్టే పనికి రోజులు చెల్లాయి. అడిగి తెలుసుకునే పని మాత్రం అలాగే ఉంది.

ఒక సీజన్‌లో తండ్రీ కొడుకులు కలిసి వచ్చారు. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏఐఎస్ తెరిస్తే షేర్ల అమ్మకాల పట్టిక చాంతాడంత ఉంది. తండ్రి మొహం చూస్తే ఆయనకేమీ తెలియదని అర్థమైంది. కొడుకు మొహం చూస్తే ఆయనకు తెలియకూడదని అర్థమైంది. “అన్నయ్యగారూ, సర్వర్ నెమ్మదిగా ఉంది, కిందకెళ్లి టీ తాగి రండి” అన్నాను. ఆ రోజు సర్వర్ బాగానే ఉంది.

“నష్టమే కదండీ వచ్చింది, చూపించకపోతే ఏం?” అన్నాడు అబ్బాయి. గడువులోగా రిటర్ను వేసి చూపిస్తే ఆ నష్టాన్ని తర్వాతి 8 ఏళ్లలో వచ్చే మూలధన లాభాల్లో తగ్గించుకోవచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. అదే చెప్పాను. ఇంట్లో చెప్పుకోవడం మంచిదనీ, నా నోటి నుంచి మాత్రం బయటికి రాదనీ చెప్పాను. కట్టుకున్నవాళ్లకీ కన్నవాళ్లకీ తెలియని లెక్కలు మా బల్ల మీదికి వస్తాయి. నోరు ఆగనివాడికి ఈ వృత్తి నప్పదు.

ఏ చదువుకు ఏ తలుపు

ఈ రంగంలోకి దారులు నాలుగైదు ఉన్నాయి. ఏ దారిలో వెళ్తే ఎంతవరకు సంతకం పెట్టగలమో ముందే తెలుసుకోవాలి.

బీకాం గానీ లా గానీ చదివినవాళ్లు ఆదాయపు పన్ను అధికారి ముందు క్లయింటు తరఫున హాజరు కావచ్చు. రిటర్నులు సిద్ధం చేయవచ్చు, నోటీసులకు జవాబులు రాయవచ్చు. కానీ టాక్స్ ఆడిట్ నివేదిక మీద సంతకం చార్టర్డ్ అకౌంటెంట్‌దే. వ్యాపార టర్నోవర్ కోటి రూపాయలు దాటితే ఆ ఆడిట్ కావాలి. నగదు లావాదేవీలు 5 శాతం మించని వ్యాపారాలకు ఆ పరిమితి 10 కోట్లు. డాక్టర్లు, లాయర్ల వంటి వృత్తులవాళ్లకు 50 లక్షలు.

జీఎస్టీ ప్రాక్టీషనర్ రెండో దారి. కామర్స్, లా, బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీలవాళ్లు జీఎస్టీ పోర్టల్‌లోనే నమోదు చేసుకుని, పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష పాసవాలి. 100 ప్రశ్నలు, 200 మార్కులు, 100 వస్తే పాస్. ఆ సంస్థ పెద్ద ప్రాంగణం మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలోనే 2024 జనవరిలో ప్రారంభమైంది.

సీఏ చేయాలనుకుంటే ఇంటర్ తర్వాత ఫౌండేషన్ రాయవచ్చు. కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులుంటే నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. సీఎంఏ, కంపెనీ సెక్రటరీ కోర్సులూ ఉన్నాయి.

సీఏ మధ్యలో ఆగిపోయిన పిల్లలకు ఒక మాట. ఊళ్లో మిమ్మల్ని ‘తప్పినవాళ్లు’ అంటారు. ఆర్టికల్‌షిప్‌లో మీరు చూసిన పుస్తకాలు, రాసిన జవాబులు ఎక్కడికీ పోవు. ప్రతి టౌన్లో వ్యాపారులకు ఆ అనుభవం ఉన్న మనిషి కావాలి. టాలీ, ఎక్సెల్ చేతిలో ఉంటే రేపటి నుంచే పని దొరుకుతుంది.

జులై తర్వాత ఏం తింటాం?

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు రిటర్నుల సీజన్నే నమ్ముకోవడం. ఆగస్టులో గది బోసిపోతుంది, అద్దె మాత్రం కట్టాలి. నెలనెలా కదిలే పని జీఎస్టీ, టీడీఎస్‌లలో ఉంది. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారులకు 11వ తేదీ జీఎస్టీఆర్-1, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ. కోసిన టీడీఎస్ 7వ తేదీలోగా కట్టాలి. ముందస్తు పన్ను వాయిదాలు జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15న. ఫిబ్రవరి వచ్చిందంటే ప్రభుత్వ ఉద్యోగులు జీతం బిల్లుకు జతచేసే పన్ను లెక్కలతో వస్తారు. దుగ్గిరాల పసుపు యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక్కరి పుస్తకాలు రాస్తే వచ్చే నెల జీతం ముప్పై జులై రిటర్నుల కన్నా నిలకడైనది. ఆయన దగ్గరికి సరుకు తెచ్చే రైతు ఆదాయానికి పన్ను లేదు, ఆయన కమీషన్‌కు ఉంది. అలాంటి తేడాలు ఆ పుస్తకాలు రాస్తేనే ఒంటబడతాయి.

ఈ ఏడాది అందరిదీ ఒకటో తరగతే

ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చేవాళ్లు అదృష్టవంతులు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 536 సెక్షన్లు, 23 అధ్యాయాలు. ఇంటింటా నోటికొచ్చిన 80సీ ఇప్పుడు 123వ సెక్షన్. అసెస్‌మెంట్ ఇయర్ అనే మాట పోయి, టాక్స్ ఇయర్ వచ్చింది. అయితే 2025-26 ఆదాయం రిటర్ను పాత చట్టం కిందే వేయాలి, పాత ఏళ్ల నోటీసులూ పాత చట్టం కిందే నడుస్తాయి. కొన్నేళ్లపాటు రెండు పుస్తకాలూ బల్ల మీద ఉండాల్సిందే. పాత సెక్షన్ల నంబర్లు కంఠస్థం చేసిన నాలాంటివాళ్లూ, నిన్న డిగ్రీ పట్టా తీసుకున్నవాళ్లూ కొత్త చట్టాన్ని ఒకే రోజు తెరిచారు. మీకన్నా ముందు పరుగు మొదలుపెట్టినవాడు ఎవరూ లేరు.

‘రీఫండ్ తెప్పిస్తా’ అనే మాట

ఈ వృత్తిని పాడుచేసే మాట ఒకటుంది. “మీ రీఫండ్ ఎక్కువ తెప్పిస్తాను, అందులో పది శాతం ఇవ్వండి.” కట్టని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, లేని అప్పు చూపిస్తే రీఫండ్ రావడం నిజమే. తర్వాత శాఖ దాన్ని తిరిగి అడగడమూ నిజమే. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి బూటకపు మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. కొందరు ఏజెంట్లు క్లయింట్ల పేర తాత్కాలిక ఈమెయిళ్లు తెరిచి, రిటర్నులు వేసి వదిలేశారని, నోటీసులు వచ్చినా చదివే దిక్కు లేదని అందులో బయటపడింది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా. అది ఏజెంటుకు కాదు, రిటర్ను ఎవరి పేర ఉందో వాళ్లకు పడుతుంది.

అందుకే మా దగ్గర చేరే పిల్లలకు మొదటి రోజే రెండు నియమాలు చెబుతాను. పోర్టల్‌లో క్లయింటు సొంత ఫోన్ నంబరు, సొంత ఈమెయిలే ఉండాలి. ఫీజు పనికి తీసుకోవాలి, రీఫండ్‌లో వాటా ముట్టుకోకూడదు. ఆ రెండూ పాటించినందుకు కొందరు క్లయింట్లు నన్ను వదిలి వెళ్లారు. నోటీసు అందుకున్నాక వాళ్లలో కొందరు మళ్లీ ఈ మెట్లే ఎక్కారు.

కుటుంబాలకు చెప్పే మాటలు

రిటర్ను వేయడం పావుగంట పని. ఆ పావుగంటలో ఇంటి సంగతి మొత్తం కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా చూసినవాటిలో పదేపదే చెప్పాల్సి వచ్చేవి ఇవి.

ఒక రిటైర్డ్ మాస్టారు పోయాక, ఆయన భార్య గుడ్డ సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు. నాలుగు బ్యాంకుల డిపాజిట్ రసీదులు. రెండింటికి నామినీ లేరు. “అమ్మా, మాస్టారు మీకెప్పుడూ చెప్పలేదా?” అంటే, “లెక్కలన్నీ ఆయనే చూసుకునేవారు బాబూ” అన్నారు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. మరిచిపోయిన డిపాజిట్లను వెతకడానికి రిజర్వ్ బ్యాంక్ ఉద్గం పోర్టల్ ఉంది. అయినా అన్నిటికన్నా ముందు చేయాల్సింది, భార్యాభర్తలిద్దరూ ఏడాదికోసారి కూర్చుని లెక్కలు చూసుకోవడం. మన పెద్దలు ఉగాదికి కొత్త పద్దు పుస్తకం తెరిచేవారు. ఆ అలవాటు ఇంటికి కూడా పనికొస్తుంది.

కొత్త పన్ను విధానంలో ఉద్యోగికి 12 లక్షల 75 వేల జీతం వరకు పన్ను పడదు. “ఇంకెందుకు రిటర్ను?” అని అడుగుతున్నారు. పన్ను లేకపోవడం రిబేటు వల్ల. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాల్సిందే. పిల్లల వీసాకు, ఇంటి లోనుకు అడిగే మొదటి కాగితమూ అదే. వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే వేయనట్టే లెక్క.

ఇంకో మార్పు చాలామంది గమనించలేదు. పాత విధానంలో పన్ను భయంతోనైనా మార్చిలో పీపీఎఫ్‌లోనో, సుకన్యలోనో డబ్బు వేసేవారు. కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు, వేయడమూ మానేస్తున్నారు. మినహాయింపు పోయినంత మాత్రాన ఆడపిల్ల చదువు ఖర్చు తగ్గదు. పదేళ్లు నిండని కూతురి పేర సుకన్య ఖాతా ఏడాదికి 250 రూపాయలతోనే నిలుస్తుంది. ఇక బీమా పేరుతో పొదుపు పాలసీలు కొని, అసలైన రక్షణ మరిచిపోతున్నారు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా దొరుకుతున్నాయి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

స్థలం అమ్మేటప్పుడు బయానా నగదుగా తీసుకోవడం మన దగ్గర మామూలు. 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. చెక్కు అడగడానికి మొహమాటపడొద్దు. చీటీ వేసేముందు అది రిజిస్టర్ అయిందో లేదో అడగండి. 1982 చట్టం ప్రకారం నడిచే చీటీలో నిర్వాహకుడి కమీషన్ 7 శాతానికి మించకూడదు. పక్కింటివాళ్లు నమ్మకస్తులే కావచ్చు, వాళ్ల చీటీకి కాగితం లేకపోతే గొడవ వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు నేను మొదట పెట్టే పరీక్ష రాతపరీక్ష కాదు. ఈ ఆదివారం మీ ఇంట్లో బీరువా తెరవండి. అమ్మానాన్నల పాన్, ఆధార్, పాస్‌పుస్తకాలు, డిపాజిట్ రసీదులు, పాలసీలు, పట్టాదారు పాస్‌పుస్తకం, చీటీ కాగితాలు ఒక ఫైల్లో వరసగా పెట్టండి. దేనికి నామినీ ఉందో, దేనికి లేదో ఒక కాగితం మీద రాయండి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన లాగిన్‌తో ఏఐఎస్ తెరిచి, ఆ కాగితాలతో సరిపోల్చండి. ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో కనుక్కుని, ఆయనకు కోపం రాకుండా చెప్పగలిగితే మీకు ఈ పని సగం వచ్చినట్టే. ఆ కాగితం పట్టుకుని మీ ఊళ్లో ఏ ఆడిటర్ గారి గది మెట్లెక్కినా, కూర్చోమని కుర్చీ చూపిస్తారు.