లబ్ధిదారు – హక్కుదారు

ప్రభుత్వ గృహములు పొందువారిని మనము 'లబ్ధిదారు'లంటాము. 'లబ్ధి' సంస్కృతము, 'దార్' ఫారసీ ప్రత్యయము. మన కళాశాలవలె రెండు భాషల కలయికతో ఏర్పడిన ఈ మాట, ఇచ్చినదానిని పుచ్చుకొనువాడని మాత్రమే చెబుతుంది. ఇల్లు ఎట్లుండవలెనో నిర్ణయించువానికి 'హక్కుదారు' అను వేరొక మాట ఉన్నది.

రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడినది. 2020 డిసెంబరు 25న ఆరంభమైన 'పేదలందరికీ ఇళ్లు' పథకములో స్థలముల పట్టాలు స్త్రీల పేర ఇచ్చారు. నిర్మాణమునకు మూడు మార్గములు చూపారు: ప్రభుత్వము సామగ్రినిచ్చి కూలి చెల్లించుట, పేదలే కట్టుకొని దశలవారీగా సొమ్ము పొందుట, ప్రభుత్వమే కట్టి ఇచ్చుట. మంచిదే. కాని ఎవరు కట్టవలెనన్నచోటనే ఆ ఎంపిక ఆగినది. ఏమి కట్టవలెనన్నది ముందే స్థిరపడినది: పట్టణములో ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజములు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలోని నేతగానికి ఇల్లే కార్ఖానా. గుంటమగ్గమునకు నేలలో గుంట తీయవలె. అచ్చు అతుకుటకు వెలుతురు కావలె. ఉన్న ఒక్క గదిలో మగ్గము పెట్టినచో మనుషులెక్కడ పడుకొంటారు? పులివెందుల వైపు గొర్రెలు గల కుటుంబము దొడ్డి అడుగవచ్చును. పరదా పాటించు ఇల్లాలు వీధి వాకిలికి ఎదురుగా ఒక అడ్డుగోడ కోరవచ్చును. ఇవేవీ విలాసములు కావు. పునాదికి ముందు అడిగితే కాగితముపై గీత మార్చిన చాలును; తరువాతనైతే గోడ పగులగొట్టవలె, ఆ ఖర్చు పేదవానిదే.

స్థలముపై ముగ్గు పోసి, "అమ్మా, మగ్గము ఇక్కడ పడుతుందా?" అని అడుగుటకు ఒక పూట చాలును. పట్టా ఆమె పేరనే ఉన్నది గదా.