మందుల చీటీ నుండి కంప్యూటరు తెర దాకా

ఈ కళాశాలలో ఫార్మసీ చదువుకొని వెళ్ళినవాణ్ణి. ప్రస్తుతం ఒక పెద్ద ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం. విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి, "సావనీరుకి ఏదైనా వ్రాయండి సార్, కాని మరీ పాఠంలా ఉండకూడదు" అన్నారు. నాకు వచ్చినది పాఠమే. పాఠకులు మన్నించాలి.

మా ఆసుపత్రిలో డాక్టర్లు ఇకమీదట మందులను కాగితంపై గాక కంప్యూటరులో వ్రాయాలని నిర్ణయమైంది. అందుకు వేసిన కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. దాంతో కొన్నాళ్ళుగా ఈ విషయంపై దొరికినదల్లా చదువుతున్నాను.

ముందు కాగితం సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి వార్డులో మందుల చార్టు సరిచూస్తున్నాను. ఒక ముసలమ్మకు ఇన్సులిన్ వ్రాసి ఉంది. "వంద యూనిట్లు" అని పైకే చదివాను. పక్కనున్న సిస్టరు ఉలిక్కిపడి, "వందేంటి సార్? పొద్దున పది ఇస్తేనే చెమటలు పట్టి పడిపోయిందావిడ!" అంది. మళ్ళీ చూశాను. డాక్టరుగారు వ్రాసింది 10. దాని పక్కన యూనిట్లకు గుర్తుగా ఇంగ్లీషు 'యు' అక్షరం. ఆ అక్షరం మూతి కలిసిపోయి సున్నాలా కనబడింది. వ్రాసినవారిది కొంత తప్పు, చదివిన నాది కొంత. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని 2016లో అప్పటి భారత వైద్య మండలి నియమం పెట్టింది. నియమం మంచిదే. అయితే రాత్రి రెండు గంటలకు, నలభయ్యో కేసు షీటు దగ్గర, ఎవరి చేతివ్రాత ఎలా ఉంటుందో ఆసుపత్రిలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు.

కంప్యూటరు ఇక్కడ చేసే పనులు రెండు. మొదటిది, ఆర్డరును అచ్చు అక్షరాలలో తీసుకొని క్షణంలో మందుల గదికీ, లేబొరేటరీకీ చేరవేయడం. రెండవది, డాక్టరుకు సలహా చెప్పడం. పెన్సిలిన్ పడని రోగికి ఎమాక్సిసిలిన్ వ్రాస్తే "ఆగండి" అంటుంది. కిడ్నీలు చెడినవారికి మోతాదు తగ్గించమంటుంది. మొదటిది గుమాస్తా పని, రెండవది మంత్రి పని అనుకోవచ్చు. చిక్కంతా మంత్రిగారితోనే.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో హోమర్ వార్నర్ బృందం 1967 నాటికే 'హెల్ప్' అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టింది. 1976లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు ఒక చిన్న పరీక్ష చేశాడు. కంప్యూటరు గుర్తుచేసినప్పుడు డాక్టర్లు చేయవలసిన పని నూటికి 51 సందర్భాలలో చేశారు. గుర్తు చేయనప్పుడు 22 సందర్భాలలోనే. డాక్టర్లకు తెలియక కాదు, మనిషి అన్నీ గుర్తుపెట్టుకోలేడంతే. 1998లో బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రి వారు కంప్యూటరు ఆర్డర్ల వల్ల మందులలో తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గాయని ప్రకటించారు. మా కమిటీలో కంపెనీవారు చూపించిన మొదటి బొమ్మ ఇదే. రెండవ బొమ్మ వారు చూపించలేదు, నేనే వెదికి పట్టుకున్నాను.

పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రిలో 2002లో ఆరు రోజులలో ఆసుపత్రి మొత్తానికీ ఇటువంటి ఏర్పాటు చేశారు. వేరే ఊళ్ళ నుండి విషమ స్థితిలో తీసుకువచ్చిన పిల్లల మరణాలు అంతకు ముందు 2.80 శాతం ఉంటే, తరువాత 6.57 శాతానికి పెరిగాయని అక్కడి డాక్టర్లే 2005లో వ్యాసం ప్రచురించారు. పూర్వం అంబులెన్సు దారిలో ఉండగానే మందులకు ఆర్డరు వ్రాసి సిద్ధంగా ఉంచేవారట. కంప్యూటరు వచ్చాక రోగి పేరు నమోదు అయితే గాని ఆర్డరు వ్రాయడానికి వీలులేకపోయింది. వార్డులో అందుబాటులో ఉండే మందులను కూడా కేంద్ర ఫార్మసీకి తరలించారు. ఆ తరువాత సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో అదే ప్రోగ్రామును ముందే తగిన సన్నాహాలు చేసుకొని ప్రవేశపెడితే మరణాలు పెరగలేదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకొని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి చెప్పాలి. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పదహారేళ్ళ కుర్రవాడికి సెప్ట్రా మాత్ర ఒకటి ఇవ్వాలి. (మన దగ్గర సెప్ట్రాన్ అని అందరికీ తెలిసిన మందే.) బరువు 38.6 కిలోలు. డాక్టరమ్మ 160 అని కొట్టింది, మిల్లీగ్రాములు అనుకొని. పక్క గడిలో "ఒక కిలో బరువుకు" అనే కొలత ఉన్న సంగతి ఆమె చూసుకోలేదు. కంప్యూటరు 160ని 38.6తో హెచ్చవేసింది. ఒక మాత్ర 38½ మాత్రలైంది! హెచ్చరిక రాలేదా? వచ్చింది. డాక్టరమ్మ దాటేసింది. ఫార్మసిస్టూ దాటేశాడు. రోజంతా ప్రతి చిన్నదానికీ అటువంటి హెచ్చరికలే వస్తుంటే ఎవరు చదువుతారు? "నాన్నా పులి" కథ మనమంతా రెండో తరగతిలో చదువుకున్నదే. రోబో యంత్రం మాత్రలను పొట్లాలు కట్టింది. నర్సుకు అనుమానం వచ్చింది గాని, బార్‌కోడు చూపించగా కంప్యూటరు "సరే" అంది. కుర్రవాడు మొత్తం మింగాడు. ఫిట్సు వచ్చి, ఎలాగో బతికాడు.

ఆ నర్సు గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. మా వార్డులో సిస్టరు "వందేంటి సార్?" అనగలిగింది, ఎందుకంటే చార్టు వ్రాసినవాడూ చదివినవాడూ తనలాంటి మనుషులే. ఆ మాట యంత్రంతో ఎలా అనడం?

కమిటీలో నేను మూడు విషయాలు అడిగాను. అన్ని వార్డులలో ఒకేసారి వద్దు, ముందు ఒక్క వార్డులో పెట్టండి. హెచ్చరికలలో ప్రాణం మీదికి వచ్చేవి మాత్రమే ఉంచి, తక్కినవి తీసేయండి. ఏ హెచ్చరికలు ఉంచాలో తేల్చేటప్పుడు నర్సులను కూడా పిలవండి. మొదటి రెండింటికీ తలలూపారు. మూడవదానికి ఒక పెద్దాయన, "నర్సులకు వేరే ట్రెయినింగు ఇస్తాం కదండీ" అన్నారు. ట్రెయినింగు వేరు, సంప్రదించడం వేరు అని కాస్త గట్టిగానే అన్నాను. చివరికి ఇద్దరిని పిలిచారు.

వచ్చిన ఇద్దరిలో ఆనాటి సిస్టరు ఒకరు. అంతా విని, "తెర మీద తప్పు కనిపిస్తే నేనెవర్ని అడగాలి సార్?" అంది. ప్రతి తెర అడుగునా మందుల గది ఫోను నెంబరు ఉండాలని మినిట్సులో వ్రాయించాను. రాత్రిపూట ఆ ఫోను ఎవరు ఎత్తాలన్నది ఇంకా తేలలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ మీటింగు ఉంది.