మిద్దెమీది సౌర ఫలకాలు

పిల్లలూ! రియాద్‌లోగాని, దమ్మామ్‌లోగాని ఉండే మీకు దుమ్ముగాలిని గురించి వేరే చెప్పనక్కరలేదు. ప్రొద్దున్నే ఆకాశం మట్టిరంగుకు తిరుగుతుంది. అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుంది. అయినా సాయంత్రానికి బల్లమీద వ్రేలితో పేరు వ్రాయవచ్చు. వాయవ్య దిక్కునుంచి వీచే ఈ గాలిని అరబ్బులు షమాల్ అంటారు. షమాల్ అంటే ఉత్తరం. గాలి తగ్గాక ఇల్లు తుడుచుకొంటాము. మరి మిద్దెమీది సౌర ఫలకాల మాట ఏమిటి?

సౌర ఫలకమంటే గాజుపలక క్రింద వరుసగా పేర్చిన సౌర ఘటాలు. ఘటాలలో ఎక్కువభాగం సిలికాన్‌తో చేసినవి. ఇసుకలోను, పలుగురాతిలోను ఉండే మూలకమే సిలికాన్. ఎండ సోకినప్పుడు ఘటంలో విద్యుత్తు పుడుతుంది. గాజుమీద ధూళి పేరుకొంటే వెలుతురు లోపలికి సరిగా పోదు. ఇసుకనుంచి పుట్టినదానికి ఇసుకే అడ్డుపడుతున్నదన్నమాట!

నష్టం ఎంతో తెలుసా? 1977లో సౌదీ అరేబియా, అమెరికా దేశాలు సౌరశక్తి పరిశోధనకై ఒప్పందం చేసుకొన్నాయి. దాని ఫలితంగా రియాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరాన అల్ ఉయైనా దగ్గర ‘సౌర గ్రామం’ వెలసింది. 1980 దశకం మొదట్లో అక్కడి 350 కిలోవాట్ల కేంద్రం చుట్టుప్రక్కల పల్లెలకు విద్యుత్తు నిచ్చింది. చమురు పొంగే దేశంలో ఎండతో దీపాలు వెలిగించడం ఆనాడు వింతే. ఆ సౌర గ్రామంలో కొన్ని ఫలకాలను రోజూ తుడిచారు. మరికొన్నింటిని అలాగే వదిలివేశారు. ఎనిమిది నెలల తరువాత చూస్తే, తుడవని ఫలకాల విద్యుత్తు 32 శాతం తగ్గిపోయింది. 1988లో వెల్లడైన లెక్క ఇది. పది దీపాలు వెలగవలసిన ఇంట మూడు ఆరిపోయినట్లే కదా!

మా ఊళ్లలో తొలకరి వాన పడితే పెంకులూ, ఆకులూ కడిగినట్లవుతాయి. ఫలకాలూ అంతే. రియాద్ వేసవిలో వానకోసం ఎదురుచూచి లాభం లేదు. నాలుగు చినుకులు పడితే మరీ ప్రమాదం. ధూళి బురదచుక్కలై అంటుకొంటుంది. జెడ్డావంటి సముద్రతీరాలలో మంచు కురిసి, ధూళి తడిసి, ఎండకు గట్టిపడి, గచ్చులాగా పట్టుకొంటుంది. కాబట్టి దుమ్ముగాలి వెలిసిన వెంటనే తుడిపించడం మంచిది.

తుడవడానికి తెల్లవారుజాము తగిన సమయం. ముందు మెత్తని పొడి కుంచెతో ధూళిని దులపాలి. మరక పోకపోతేనే కొద్దిగా మంచినీళ్లు వాడాలి. ఉప్పునీరు ఆరితే తెల్లని చారలు మిగులుతాయి. గిన్నెలు తోమే పీచు గాజును గీస్తుంది. మిట్టమధ్యాహ్నం కాగిన గాజుమీద చన్నీళ్లు కుమ్మరిస్తే అది పగలవచ్చు. పైగా ఇక్కడి నగరాల మంచినీటిలో చాలాభాగం సముద్రపు నీటినుంచి ఉప్పు తీసి తెచ్చినదే. అందుకే ఈ దేశంలోని పెద్ద సౌర కేంద్రాలలో నీరు లేకుండా కుంచెతో తుడిచే యంత్రాలు వచ్చాయి.

వేసవిలో ఎండ మండిపోతున్నా విద్యుత్తు కొంత తగ్గుతుంది. ఫలకం చెడిపోయిందని కంగారుపడవద్దు. ఘటం వేడి 25 డిగ్రీలు దాటితే, సాధారణంగా డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున శక్తి తరుగుతుంది. ఫలకం క్రింద గాలి ఆడాలి. అక్కడ పావురాలు గూళ్లు కట్టాయేమో చూడాలి.

చలికాలంలో చూడవలసింది నీడ. జూన్ మధ్యాహ్నం రియాద్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలుతాడు. వేసవిలో అడ్డురాని పిట్టగోడ, నీళ్లట్యాంకు అప్పుడు పొడవైన నీడ వేస్తాయి. ఒక మూల నీడ పడినా ఆ వరుస మొత్తం బలం తగ్గవచ్చు.

ఇదంతా పెద్దల పని. మీరు మిద్దె అంచుకు పోకూడదు, తీగలను తాకనేకూడదు. ఇంటి స్విచ్చి ఆపినా, వెలుతురు ఉన్నంతసేపూ ఫలకం తీగలలో విద్యుత్తు ఉంటుంది.

మీరు చేయదగిన పని ఒకటి ఉన్నది. పెద్దల సాయంతో, అంచులు నునుపు చేసిన గాజుపలకను వసారాలో పదిరోజులు ఆరుబయట ఉంచండి. తరువాత సగం తుడిచి, తెల్లకాగితంపైన ఎండలో పట్టండి. కాగితంపై ఏ సగం మసకగా ఉన్నదో చూచి, మీ పుస్తకంలో తేదీ వేసి వ్రాయండి.