సెకండ్ హ్యాండ్ బండి పాత కథ చదవడం ఎలా

ఫైనల్ ఇయర్ ఎగ్జామ్స్ అయిపోగానే మన కాలేజ్ వాట్సాప్ గ్రూపుల్లో బండ్ల ఫోటోలు మొదలవుతాయి. "సింగిల్ హ్యాండ్, షోరూమ్ కండిషన్, అన్న యూఎస్ పోతున్నడు, అర్జెంట్ సేల్." దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, సైదాబాద్ రూముల్లో ఉండే మనలాంటి వాళ్లకి నలభై, యాభై వేలల్లో బండి కావాలంటే ఇదే దారి. ఆ యాభై వేలు చాలామందికి ఇంట్లో చీటీ ఎత్తిన డబ్బు. అందుకే ఈసారి కవిత పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన బైక్‌కి ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. నంబర్ కొడితే చాలు, ఏ సంవత్సరం పాసైంది, ఎందుకు ఫెయిలైంది, ఆ రోజు మీటర్ రీడింగ్ ఎంత, అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫ్రీగా కనిపిస్తాయి. మన దగ్గర సొంత బైక్‌కి అలాంటి పరీక్ష లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది, ఆ తర్వాత రెన్యువల్‌కి వెళ్తే అప్పుడు ఇన్‌స్పెక్టర్ మళ్లీ బండి ముఖం చూస్తాడు. ఆన్‌లైన్ వివరాల్లో "ఫిట్‌నెస్" అని ఒక తేదీ కనిపిస్తే మురిసిపోకండి. అది ఆ 15 ఏళ్ల గడువే, ఎవరో బ్రేకులు నొక్కి చూసి ఇచ్చిన తేదీ కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా పొగ సంగతి మాత్రమే చెప్తుంది.

అంటే బండికి హిస్టరీయే లేదా? ఉంది, కానీ ఒక్క చోట లేదు. మన బ్రాంచ్ భాషలో చెప్పాలంటే ఒకే లాగ్ ఫైల్ దొరకదు. వేరే వేరే వాళ్లు వాళ్ల పనుల కోసం రాసుకున్న టేబుల్స్ ఉన్నాయి, జాయిన్ చేసుకోవాల్సింది మనం.

నాకు బాగా నచ్చిన టేబుల్ ట్రాఫిక్ చలాన్లు. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ ఉన్నవి చూస్తే చాలా వాటికి ఫోటో, తేదీ, స్థలం ఉంటాయి. అందరూ మొత్తం ఎంతో చూసి, అంత ధర తగ్గించమని బేరమాడి వదిలేస్తారు. నేనైతే ఫోటోలు చూస్తా. "ఆదివారం తప్ప తియ్యను తమ్మీ" అన్న అన్న బండి వారం మధ్యలో మూడుసార్లు ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రిపుల్ రైడింగ్‌లో దొరికితే ఆ మాట ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. పోయినేడు ఫోటోలో ఉన్న ట్యాంక్ రంగు, ఇప్పటి రంగు వేరైతే ఎందుకు మార్చారో అడగండి. అయితే లిస్ట్ ఖాళీగా ఉంటే బండి బుద్ధిగా తిరిగిందని కాదు. 2022 మార్చిలో టూవీలర్ చలాన్లకి 75 శాతం, 2023 డిసెంబర్ 26 నుంచి 80 శాతం రాయితీ ఇచ్చారు. కట్టేసినవి పెండింగ్‌లో కనపడవు.

ఇంకోటి పాత ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక లైన్ ఉంటుంది. సొంత డ్యామేజ్ కవర్ ఉన్న బండికి క్లెయిమ్ లేకపోతే మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, అలా 50 దాకా పెరుగుతుంది. నాలుగేళ్లుగా ఆ కవర్ ఆపకుండా కట్టిన బండికి బోనస్ సున్నా ఉంటే, ఈ మధ్య ఏదో క్లెయిమ్ అయిందని గట్టి అనుమానం. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే మాత్రం ఈ క్లూ పనిచేయదు.

మీటర్ గురించి సైదాబాద్‌లో మా రూమ్ దగ్గరి మెకానిక్ భాయ్ ఒకే మాట అంటాడు: "మీటర్ చూడకు తమ్మీ, ఫుట్‌రెస్ట్ రబ్బర్ చూడు." తొమ్మిది వేల కిలోమీటర్లకి రబ్బర్ నున్నగా అయిపోదు. టైర్ పక్కన నాలుగు అంకెలు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్ తొమ్మిది వేలు అంటుంటే, వెనక టైర్ బండి కంటే రెండేళ్లు చిన్నదై, అదీ అరిగిపోయి ఉంటే లెక్క తప్పుతోంది. ఓనర్‌ని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ప్రతి సర్వీస్ నాటి కిలోమీటర్లు వాళ్ల సిస్టమ్‌లో ఉంటాయి. రావడానికి ఓనర్ నసిగితే అదీ ఒక జవాబే.

మన ఏరియా వాళ్లు ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. టీఎస్ 11, పాత ఏపీ 11 అంటే మలక్‌పేట ఆర్టీఏ సిరీస్. ఆ నంబర్ ఉండి, 2020 కంటే ముందు కొన్న బండి అయితే 2020 అక్టోబర్ 13 రాత్రి ఎక్కడ పార్క్ చేసి ఉందో అడగండి. ఆ వానకి సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాం నగర్ లాంటి కాలనీలు మునిగాయి, సెల్లార్లలో బండ్లు నీళ్లలో ఉన్నాయి. ఏ ఆర్సీలోనూ ఈ విషయం రాసి ఉండదు. సీటు తీసి వైరింగ్ కనెక్టర్లు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో, హెడ్‌లైట్ లోపల ఎండిన ఒండ్రు దొరుకుతుంది. ట్యాంక్ మూత తీసి ఫోన్ టార్చ్ వేస్తే తుప్పు కనిపిస్తుంది. అయిదేళ్లలో ఆయిల్ ఎన్నోసార్లు మార్చేసి ఉంటారు కాబట్టి దాన్ని చూసి లాభం లేదు. కానీ ఈ మధ్యే మునిగిన బండి అయితే ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటుంది.

ఇక అసలు సంగతి, పేరు. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు, హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. దాన్నీ ఇంజన్ నంబర్‌నీ ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ తర్వాత ఆర్సీ మీద పేరు చదవండి. మన కాలేజ్ బండ్లలో అమ్మేవాడి పేరు ఉండటమే అరుదు! సీనియర్‌కి సీనియర్ పేరు ఉంటుంది. ఆయన ఎప్పుడో డాలస్ వెళ్లిపోయాడు, సంతకం పెట్టే మనిషి లేడు, బండి మాత్రం నాలుగో చేతిలో ఉంది.

ఇది ఎంత దూరం పోతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో చెప్పింది. ఒక కారు వరసగా చేతులు మారింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉండిపోయింది. యాక్సిడెంట్ అయ్యాక, నష్టపరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న ఆయనే అని తీర్పు వచ్చింది. "ఎప్పుడో అమ్మేశా" అన్న మాట నిలబడలేదు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఇప్పుడెందుకులే అనే సీనియర్‌కి ఇలా చెప్పండి: "అన్నా, నువ్వు అక్కడుండగా ఈ బండి ఎవరినైనా గుద్దితే నోటీస్ మీ నాన్నగారికి వస్తది." ఇది చెప్తే సంతకం త్వరగా వస్తుంది.

కావాల్సినవి ఫారం 29, ఫారం 30. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే, లోన్ ఎప్పుడో అయిపోయిందని నోటితో చెప్తే సరిపోదు. కంపెనీ సంతకంతో ఫారం 35, ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది ఆయనతోనే పోతుంది, కాబట్టి ఆ తేడా ప్రీమియం కూడా మీ బడ్జెట్‌లో వేసుకోండి.