ముక్కూ మొహం తెలియని గ్రూపుతో ఎవరెస్ట్ దారిలో: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తాను. దసరా సెలవుల్లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేద్దామనుకున్నాం. తోడు రావలసిన స్నేహితురాలు మానేసింది. ఇప్పుడు తెలియనివాళ్ల గ్రూపులో చేరాలి. అందరూ పాతికేళ్ల పిల్లలై నేనొక్కదాన్నే వెనకబడితే ఎలా? ఒకరు లుక్లా నుంచి లుక్లాకి తొమ్మిది రోజులంటున్నారు, ఇంకొకరు పన్నెండు. తొమ్మిదైతే సెలవులకు సరిపోతుంది, డబ్బూ తక్కువే.
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: టీచర్ గారూ, మీరు వెనకబడతారన్న భయం నాకు లేదు. వెనకబడకూడదని పట్టుదలకు పోతారేమోనన్నదే భయం. కొండమీద గ్రూపులో ఒంట్లో బాగాలేకపోయినా చాలామంది నోరు విప్పరు. నా ఒక్కరి కోసం పదిమంది ఆగాలా అని మొహమాటపడతారు. ఆ మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే ముందు రోజులు లెక్కపెట్టండి. విమానం దిగే లుక్లా 2,860 మీటర్ల ఎత్తులో ఉంది, నామ్చే బజార్ 3,440, డింగ్‌బోచే 4,410, గోరక్‌షెప్ 5,164, బేస్ క్యాంప్ 5,364. మూడు వేల మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ మధ్య తేడా 500 మీటర్లు మించకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో రెండో రాత్రి ఉండాలనీ వైద్యులు చెబుతారు. మంచి సంస్థలు నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు ఆపేది ఇందుకే. తొమ్మిది రోజుల్లో తిప్పి తెస్తామనేవాళ్లు కోసేసేది ఆ రోజులనే. ఆ తక్కువ ధరకు ఆశపడకండి.

పన్నెండు రోజులు దసరాకి పట్టవు. లుక్లా విమానాలు మబ్బు పడితే ఆగిపోతాయి కాబట్టి ఇంకో రెండు రోజులైనా చేతిలో ఉంచుకోవాలి. సీజన్ రద్దీలో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాక, నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం తర్వాత వచ్చే రామెఛాప్ నుంచి బయల్దేరతాయి. వేసవి సెలవుల్లో వెళ్లండి. ఏప్రిల్ చివర మొదలుపెట్టి మే మధ్యకి దిగొచ్చేయొచ్చు. శిఖరం ఎక్కేవాళ్ల గుడారాలతో బేస్ క్యాంప్ నిండుగా ఉండే కాలం కూడా అదే. దసరాకే వెళ్లి తీరాలంటే అన్నపూర్ణ బేస్ క్యాంప్ చూడండి. ఎత్తు 4,130 మీటర్లే, పోఖరా నుంచి వారం, ఎనిమిది రోజుల్లో అయిపోతుంది.

గ్రూపు ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "నేను మధ్యలో దిగిపోవాల్సి వస్తే నాతో ఎవరు దిగుతారు?" పదిమందికి ఒక్కరే గైడ్ ఉంటే ఆ ప్రశ్నకు జవాబుండదు. ముందొకరు, వెనకొకరు నడిచే గ్రూపుల్లోనే చేరండి. అందరికంటే మెల్లగా నడిచేవారి పక్కన సహాయ గైడ్ ఉండాలి. ఖాట్మండులోని థమేల్ వీధుల్లో అప్పటికప్పుడు చేరే గ్రూపులూ ఉంటాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ మీరు మొదటిసారి, ఒక్కరే వెళ్తున్నారు. ఇక్కడినుంచే మాట్లాడుకుని, గైడ్ లైసెన్స్ వివరాలు తెప్పించుకుని వెళ్లండి. గదిలో ఇంకో ఆడమనిషితోనే సర్దాలని ముందే రాయించుకోండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. వారానికి రెండుసార్లు సింహాచలం మెట్లు ఆగకుండా ఎక్కుతాను. ఇంత ఫిట్‌నెస్ ఉన్నవాడికి ఎత్తు సమస్య రాదుగా? ఒకవేళ తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని గ్రూపుతో పాటు నడిచేయొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వస్తుంది బాబూ. కాళ్ల బలానికీ దీనికీ సంబంధం లేదు. తూర్పు కనుమల్లోని ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మకొండ కూడా 1,700 మీటర్లు దాటదు. నామ్చే దానికి రెట్టింపు ఎత్తు. గోరక్‌షెప్‌లో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో సగం. అంత తక్కువ గాలికి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు కావాలి. కుర్రవాళ్లు వేగంగా ఎక్కగలరు గనుక వేగంగానే చిక్కులో పడతారు.

పైన తలనొప్పి వస్తే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తువల్లేననుకోండి. దానికి వాంతి వచ్చేలా ఉండటం, ఆకలి చచ్చిపోవడం, నీరసం తోడైతే అనుమానమే అక్కర్లేదు. వెంటనే గైడ్‌కి చెప్పండి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, కానీ వేసుకుని ఇంకా పైకి ఎక్కడం మాత్రం చేయకండి. ఉన్నచోటే ఆగండి. ఒక రోజులో తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి. నేలమీద గీత గీసి, మడమకు కాలివేలు ఆనించి నడవమంటే తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసపడుతున్నా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు చేరిందనడానికి గుర్తు. అర్ధరాత్రైనా సరే, తోడు తీసుకుని దిగాల్సిందే. తెల్లవారనీ చూద్దాం అనుకుంటే ఆలస్యమైపోవచ్చు.

డయామాక్స్ మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. అది లక్షణాలను దాచేయదు, ఒళ్లు అలవాటు పడటానికి తోడ్పడుతుంది. అయితే సల్ఫా మందులు పడనివాళ్లకు ఇబ్బంది కావచ్చు కాబట్టి డాక్టర్‌ని అడిగే వేసుకోండి. ఎక్కే రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు. దారిలో ఫెరిచే ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం 1973 నుంచీ నడుస్తోంది. సీజన్‌లో అక్కడి డాక్టర్లు ట్రెక్కర్లకు ఎత్తు జబ్బు గురించి చెబుతారు. మీ గ్రూపు మొత్తాన్నీ తీసుకెళ్లి కూర్చోబెట్టండి.

ప్రశ్న: నేపాల్‌కి ఆధార్ చాలదా? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వీసా అక్కర్లేదు గానీ విమానంలో వెళ్లే 18 నుంచి 65 ఏళ్లవాళ్లకు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చాలదు. మామూలు పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. 6,000 మీటర్ల దాకా ట్రెకింగ్, హెలికాప్టర్ తరలింపు అని స్పష్టంగా రాసున్నదే తీసుకోండి. అనవసరంగా హెలికాప్టర్ ఎక్కించి బీమా బిల్లులు గుంజిన వ్యవహారంపై 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ చేసింది. స్పృహలో ఉండి, నడవగలిగే స్థితి ఉంటే, ఎక్కేముందు బీమా కంపెనీకి ఫోన్ చేయండి.

ప్రశ్న: సామాను మోసే పోర్టర్‌ని పెట్టుకోవాలంటే మనసొప్పడం లేదు. ఇంకొకరి చేత మోయించడం తప్పు కాదా? పైన శాకాహారం దొరుకుతుందా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: తప్పు కాదమ్మా. ఆ కూలి మీద అక్కడ ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. వాళ్లను ఎలా చూసుకుంటున్నామన్నదే ముఖ్యం. ఇద్దరికి ఒక పోర్టర్ అంటారు కాబట్టి మీ సంచీ పది కిలోలు మించనీయకండి. అతనికి బీమా ఉందా, చలికి సరైన బూట్లు, కోటు ఉన్నాయా, రాత్రి ఎక్కడ పడుకుంటాడు అని సంస్థను డబ్బు కట్టకముందే అడగండి. పోర్టర్లలో చాలామంది పల్లపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఎత్తు జబ్బు వాళ్లకూ వస్తుంది, పని పోతుందని వాళ్లు మనకంటే ఎక్కువగా దాస్తారు. దారిలో ఎవరైనా తల పట్టుకుని కూర్చుంటే గైడ్‌ని పిలిచి చూపించండి, అతణ్ని ఒక్కణ్నే కిందికి పంపనీయకండి.

భోజనానికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, కూరతో దాల్ భాత్ ప్రతి లాడ్జిలోనూ దొరుకుతుంది, మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. పైన మాంసం కింది ఊళ్ల నుంచి రోజుల తరబడి మోసుకొచ్చిందే, కాబట్టి మాంసం తినేవాళ్లు కూడా అక్కడ మానేయడం మంచిది. పైకి వెళ్లేకొద్దీ నోటికి ఏదీ రుచించదు. చిన్న డబ్బాలో ఆవకాయో గోంగూరో పెట్టుకెళ్లండి. ఆ నాలుగు ముద్దలు దిగడమే అప్పుడు కావాల్సింది.