బ్రాయిలర్ కోళ్ళకు తక్కువ ఖర్చుతో దాణా తయారీ: సూత్రాలు, గణన విధానం

బ్రాయిలర్ కోళ్ళ పెంపకంలో మొత్తం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే అవుతుంది. కోడిపిల్లల ధర, మందులు, విద్యుత్తు, కూలీల ఖర్చులపై రైతు ఎంత పొదుపు పాటించినా, దాణా విషయంలో జరిగిన చిన్న పొరపాటు ఆ పొదుపునంతటినీ తుడిచిపెడుతుంది. సమీకృత సంస్థలతో ఒప్పందం కుదుర్చుకున్న రైతులకు దాణా సంస్థ నుండే అందుతుంది. స్వంతంగా కోళ్ళను పెంచే రైతులు మాత్రం ముడి పదార్థాల ధరల హెచ్చుతగ్గులను తామే భరించవలసి వస్తున్నది. 2021లో సోయా చెక్క ధర అసాధారణంగా పెరిగి, కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఒకే మాంసకృత్తుల వనరుపై ఆధారపడటం ఎంత ప్రమాదకరమో ఆ అనుభవం తెలియజేసింది.

ఇటువంటి సమయాలలో రైతులు విస్తరణ శాస్త్రవేత్తలను అడిగే మొదటి ప్రశ్న "దాణా ఖర్చు ఎలా తగ్గించాలి?" అనేదే. కిలో దాణా ధరను తగ్గించడం వేరు, కిలో కోడి బరువుకయ్యే దాణా ఖర్చును తగ్గించడం వేరు. ఈ రెండింటి మధ్య గల తేడాను గణన ద్వారా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. పోషక అవసరాలు

భారతీయ ప్రమాణాల సంస్థ (ఐ.ఎస్. 1374) బ్రాయిలర్ దాణాకు మూడు దశలను నిర్దేశించింది.

ప్రీ-స్టార్టర్ (0-7 రోజులు): ముడి మాంసకృత్తులు 23 శాతం, జీవక్రియా శక్తి 3000 కిలోక్యాలరీలు
స్టార్టర్ (8-21 రోజులు): ముడి మాంసకృత్తులు 22 శాతం, జీవక్రియా శక్తి 3100 కిలోక్యాలరీలు
ఫినిషర్ (22వ రోజు నుండి): ముడి మాంసకృత్తులు 20 శాతం, జీవక్రియా శక్తి 3200 కిలోక్యాలరీలు

కోడికి నిజంగా కావలసినవి మాంసకృత్తులు కావు, వాటిలోని అమైనో ఆమ్లాలు. మొక్కజొన్న, సోయా చెక్కలతో చేసిన దాణాలో మొదట లోపించేది మిథియోనిన్, తరువాత లైసిన్, ఆ పిమ్మట త్రియోనిన్. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1994 పట్టికల ప్రకారం 3 నుండి 6 వారాల వయసు కోళ్ళ దాణాలో లైసిన్ 1.00, మిథియోనిన్ 0.38, త్రియోనిన్ 0.74 శాతం ఉండాలి. ఈనాటి సంకర జాతులు అప్పటి వాటికంటే వేగంగా పెరుగుతాయి. కనుక క్షేత్రస్థాయిలో ఆయా జాతుల మార్గదర్శకాలలోని జీర్ణయోగ్య అమైనో ఆమ్లాల విలువలను అనుసరించాలి. గణన పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

2. ముడి పదార్థాల నాణ్యత

సూత్రీకరణ కాగితంపై కాక, గోదాములో మొదలవుతుంది. 11 శాతం తేమ గల మొక్కజొన్నలో 89 శాతం పొడి పదార్థం ఉండగా, 14 శాతం తేమ గల దానిలో 86 శాతమే ఉంటుంది. అంటే కిలో రూ.24కు తడి గింజ కొన్న రైతు, పోషకాల లెక్కన రూ.24.84 చెల్లించినట్లే. పైగా తేమ ఎక్కువైన గింజలో బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ ఏర్పడుతుంది. దాణాలో ఇది 20 పి.పి.బి.కి మించరాదు.

సోయా చెక్కను తగినంత వేడి చేయకపోతే ట్రిప్సిన్ నిరోధకాలు మిగిలిపోయి మాంసకృత్తుల జీర్ణతను అడ్డుకుంటాయి. అతిగా వేడి చేస్తే లైసిన్ నిరుపయోగమవుతుంది. అందుచేత యూరియేజ్ పరీక్షతో పాటు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగే మాంసకృత్తుల శాతాన్ని కూడా చూడాలి. మొదటి పరీక్ష తక్కువ వేడిని, రెండవది అతి వేడిని పట్టిస్తుంది. ఎండు చేపల పొడిలో ఇసుక, ఉప్పు కల్తీని తప్పక పరీక్షించాలి. ఉప్పు ఎక్కువైతే కోళ్ళు అధికంగా నీరు త్రాగి, రెట్టలు పలుచబడి, లిట్టరు తడిసిపోతుంది.

3. సూత్రీకరణ: ఒక ఉదాహరణ

100 కిలోల ఫినిషర్ దాణాను తీసుకుందాం. ఇందులో నూనె 3 కిలోలు. డైకాల్షియం ఫాస్ఫేట్, సున్నపురాయి పొడి, ఉప్పు, విటమిన్లు, సూక్ష్మ ఖనిజాలు, అమైనో ఆమ్లాలు మొదలైనవి కలిపి 4 కిలోలు. మిగిలిన 93 కిలోలు మొక్కజొన్న, సోయా చెక్క. మొక్కజొన్నలో మాంసకృత్తులు 8.5 శాతం, శక్తి 3350 కిలోక్యాలరీలు. సోయా చెక్కలో 44 శాతం, 2230 కిలోక్యాలరీలు. నూనెలో 8800 కిలోక్యాలరీలుగా తీసుకోవాలి.

దాణా-అ (మాంసకృత్తులు 20 శాతం): 93 కిలోల నుండి 20 కిలోల మాంసకృత్తులు రావాలంటే ఆ మిశ్రమంలో 21.5 శాతం ఉండాలి. పియర్సన్ చతురస్రం ప్రకారం మొక్కజొన్న 22.5 భాగాలు (44 - 21.5), సోయా చెక్క 13 భాగాలు (21.5 - 8.5). దీని ప్రకారం మొక్కజొన్న 58.9 కిలోలు, సోయా చెక్క 34.1 కిలోలు అవుతాయి. మాంసకృత్తులు సరిపోయాయి. శక్తి మాత్రం కిలోకు సుమారు 3000 కిలోక్యాలరీలే వచ్చింది. లైసిన్ 1.07, త్రియోనిన్ 0.76 శాతం వద్ద అవసరానికి మించి ఉన్నాయి. మిథియోనిన్ 0.32 శాతమే ఉన్నది. అంటే ఖరీదైన మాంసకృత్తులు ఎక్కువగా ఉండి కూడా ఒక అమైనో ఆమ్లం, శక్తి లోపించాయి. మాంసకృత్తుల శాతం ఒక్కటే చూసి దాణాను అంచనా వేయరాదనడానికి ఇది నిదర్శనం.

దాణా-ఆ (మాంసకృత్తులు 18.5 శాతం): అదే పద్ధతిలో లెక్కిస్తే మొక్కజొన్న 63.2, సోయా చెక్క 29.8 కిలోలు. శక్తి 3045 కిలోక్యాలరీలకు పెరిగింది. లైసిన్ 0.97, మిథియోనిన్ 0.30, త్రియోనిన్ 0.70 శాతానికి తగ్గాయి. ఈ లోటును పూరించడానికి 100 కిలోలకు లైసిన్ హైడ్రోక్లోరైడ్ (78 శాతం లైసిన్) సుమారు 43 గ్రాములు, మిథియోనిన్ 81 గ్రాములు, త్రియోనిన్ 45 గ్రాములు చాలును.

ఇక ధరలు చూద్దాం. గణన కొరకు మొక్కజొన్న కిలో రూ.24, సోయా చెక్క రూ.45, నూనె రూ.100, లైసిన్, త్రియోనిన్ రూ.150 చొప్పున, మిథియోనిన్ రూ.250 అనుకుందాం. 4.2 కిలోల సోయా చెక్క స్థానంలో మొక్కజొన్న చేర్చినందువలన క్వింటాలుకు సుమారు రూ.88 ఆదా అవుతుంది. అదనంగా కలిపిన అమైనో ఆమ్లాలకు రూ.18 ఖర్చవుతుంది. నికర ఆదా క్వింటాలుకు సుమారు రూ.70. ఈ ఆదాతో మరొక కిలో మొక్కజొన్నకు బదులు నూనె చేర్చితే (అదనపు ఖర్చు రూ.76) శక్తి 3100 కిలోక్యాలరీలకు చేరుతుంది. అంటే దాదాపు దాణా-అ ధరకే 100 కిలోక్యాలరీలు అదనంగా లభిస్తాయి.

ప్రమాణాల ముద్రతో దాణా అమ్మే తయారీదారులు నిర్దేశిత కనీస మాంసకృత్తుల శాతాన్ని, శక్తిని పాటించి తీరాలి. పైన చూపిన వెసులుబాటు స్వంత కోళ్ళకు దాణా కలుపుకొనే రైతుకు మాత్రమే వర్తిస్తుంది. త్రియోనిన్‌ను మరచి మాంసకృత్తులు తగ్గిస్తే పెరుగుదల కుంటుపడుతుంది.

భాస్వరం విషయంలోనూ ఇటువంటి అవకాశమే ఉన్నది. మొక్కల గింజలలోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బంధింపబడి కోడికి అందదు. ఫైటేజ్ ఎంజైము దానిలో కొంత విడుదల చేస్తుంది గనుక ఆ మేరకు డైకాల్షియం ఫాస్ఫేట్‌ను తగ్గించవచ్చు. ఎంజైము కలిపి కూడా పాత మోతాదునే కొనసాగించడం రెండింతల ఖర్చు.

4. ప్రత్యామ్నాయాన్ని ఏ ధరకు కొనవచ్చును?

నూకలు, సజ్జలు, జొన్నలు, నూనె తీసిన తవుడు, పొద్దుతిరుగుడు చెక్క, బియ్యం నుండి ఇథనాల్ తయారీలో మిగిలే డి.డి.జి.ఎస్. మన ప్రాంతంలో లభ్యమయ్యే ప్రత్యామ్నాయాలు. వీటి ధర చౌకగా ఉన్నంత మాత్రాన కొనరాదు. ఒక పదార్థంలోని శక్తి, మాంసకృత్తులు ఎంత మొక్కజొన్న, ఎంత సోయా చెక్కకు సమానమో రెండు సమీకరణాలతో లెక్కించాలి. నూకలలో శక్తి 3000 కిలోక్యాలరీలు, మాంసకృత్తులు 8 శాతం అనుకుంటే, ఒక కిలో నూకలు 0.889 కిలోల మొక్కజొన్నకు, 0.010 కిలోల సోయా చెక్కకు సమానం. పై ధరల ప్రకారం దీని విలువ రూ.21.80. అంతకు తక్కువకు లభిస్తేనే నూకలు లాభసాటి. నూకలలో పసుపు వర్ణకాలు లేనందున చర్మం, కొవ్వు పాలిపోయినట్లు కనిపిస్తాయి. స్థానిక కొనుగోలుదారులు పసుపు రంగును కోరేచోట ఈ సంగతిని రైతుకు ముందుగానే చెప్పాలి.

ఈ లెక్క శక్తి, మాంసకృత్తులకే పరిమితం. నూనె తీసిన తవుడు, పొద్దుతిరుగుడు చెక్కలలో పీచు ఎక్కువ కాబట్టి ఫినిషర్ దశలో కొద్ది మోతాదుకే పరిమితం చేయాలి. డి.డి.జి.ఎస్.లో మాంసకృత్తులు 40 శాతానికి పైగా ఉన్నా, సోయా చెక్కతో పోల్చితే లైసిన్ తక్కువ. ఆరబెట్టేటప్పుడు అధిక వేడి తగిలితే ఉన్న లైసిన్ కూడా దెబ్బతింటుంది. అందుచేత దీనిని జీర్ణయోగ్య లైసిన్ ఆధారంగానే వెల కట్టాలి.

5. అసలు కొలమానం: కిలో బరువుకు దాణా ఖర్చు

కిలో రూ.36 ధర గల దాణాతో దాణా మార్పిడి నిష్పత్తి 1.70 వస్తే, కిలో బరువుకు దాణా ఖర్చు రూ.61.20. కిలో రూ.34 ధర గల నాసి దాణాతో ఆ నిష్పత్తి 1.85కు పెరిగితే, ఖర్చు రూ.62.90. కిలో దాణాపై రెండు రూపాయలు మిగిలినట్లు కనిపించినా, కిలో బరువుపై రూ.1.70 నష్టం. రెండు కిలోల బరువుకు పెంచిన 5000 కోళ్ళ షెడ్డులో ఇది ఒక్క విడతకు రూ.17,000. పెంపకం రోజులు పెరిగితే ఈ నష్టం మరింత అవుతుంది.

పాత ఖర్చును కొత్త దాణా ధరతో భాగిస్తే (61.20 ÷ 34) 1.80 వస్తుంది. నిష్పత్తి ఇంతకు మించనంత వరకే చౌక దాణా ప్రయోజనకరం. సూత్రీకరణలో ఏ మార్పు చేసినా ఈ హద్దును ముందే లెక్కించి రైతుకు తెలియజేయాలి.

ముగింపు

పదార్థాల సంఖ్య పెరిగినప్పుడు చతురస్ర పద్ధతి చాలదు. లీనియర్ ప్రోగ్రామింగ్ ఆధారిత కంప్యూటరు పద్ధతులు అవసరమవుతాయి. అయితే కంప్యూటరు మనమిచ్చిన విలువలతోనే లెక్క కడుతుంది. పుస్తకంలోని విలువలకు, గోదాములోని గింజకు పొంతన లేకపోతే ఫలితం తప్పుతుంది. కనుక ప్రతి కొత్త సరుకును తేమకు, మాంసకృత్తులకు, అఫ్లాటాక్సిన్‌కు పరీక్షించాలి. దాణా మార్పును ఒకేసారి కాక కొన్ని రోజులలో క్రమంగా చేయాలి. వీలైతే మార్పును మొదట షెడ్డులో ఒక భాగంలోని కోళ్ళపై పరీక్షించి, వారం వారం బరువు, దాణా వినియోగం నమోదు చేయించాలి. దాణా ఖర్చు తగ్గిందా లేదా అన్నది సంచి మీది ధరను బట్టి కాక, ఆ నమోదు పుస్తకాన్ని చూసి నిర్ణయించే అలవాటును రైతులలో కలిగించడమే విస్తరణ శాస్త్రవేత్త ముఖ్య కర్తవ్యం.